గన్నేరు కొమ్మకు వెండి లోలాకు: కాకి సీతాకోకచిలుకను గుర్తుపట్టడం, దాని జీవితాన్ని చూడడం ఎలా

విశాఖపట్నంలో ఇంటి ముందు గన్నేరు మొక్క ఉన్నవారెవరైనా అడవి సీతాకోకచిలుక ఒకదాని పుట్టుకను గుడ్డు నుంచి రెక్కల దాకా గుమ్మంలో కూర్చునే చూడవచ్చు. అందుకు నెల రోజుల ఓపిక, ఒక భూతద్దం, రెండు మూరల ఎర్ర ఊలుదారం, ఒక నోటు పుస్తకం చాలు. మొక్కకు పురుగుమందు కొట్టకుండా ఉండాలి, అంతే. మిగతా పని అది చేసుకుంటుంది.

నేను చెబుతున్నది ఇంగ్లీషులో కామన్ క్రో అనే సీతాకోకచిలుక గురించి. దాని శాస్త్రీయ నామం యూప్లోయియా కోర్. డచ్చి దేశస్థుడు పీటర్ క్రామర్ పేరిట 1780 నుంచి శాస్త్ర గ్రంథాల్లో ఉంది. మన దేశం, శ్రీలంక మొదలుకొని ఆగ్నేయాసియా మీదుగా ఆస్ట్రేలియా దాకా బతుకుతుంది. కొండల్లో, చెట్ల నీడల్లో ఎంత తిరుగుతుందో ఊళ్లో పెరటి తోటల్లోనూ అంతే తిరుగుతుంది. నేను దీన్ని కాకి సీతాకోక అంటాను. కాకిలాగే నల్లగా ఉంటుంది, ఎక్కడైనా ఉంటుంది, అందుకే ఎవరూ నిలబడి చూడరు. ఇంత అందమైన జీవిని "ఏదో నల్లది" అని వదిలేయడం నాకు బాధగా ఉంటుంది. ఇది రాయడానికి కారణం అదే.

ఎప్పుడు, ఎక్కడ వెతకాలి

ఏడాదంతా కనిపిస్తుంది కానీ దీని జీవిత చక్రం చూడాలంటే వానాకాలం రావాలి. ఆషాఢ పౌర్ణమికి సింహాచలం గిరి ప్రదక్షిణ జరిగే రోజుల నుంచి కార్తీకం ముగిసేదాకా అని నేను లెక్క పెట్టుకుంటాను. వానలు పడితే మొక్కలు లేత చిగురు వేస్తాయి. ఆడ సీతాకోక గుడ్డు పెట్టేది ఆ లేత ఆకు మీదే. పిల్ల పురుగు దవడలకు ముదురు గన్నేరు ఆకు లొంగదు.

ఎగిరేవాటిని చూడడానికి కంబాలకొండ అభయారణ్యం నడక దారి, సింహాచలం మెట్ల దారి, ముడసర్లోవ పరిసరాలు మంచివి. ఉదయం ఎనిమిది నుంచి పదకొండు లోపల వెళ్లండి. ఎండ ముదిరాక ఇవి నీడలోకి, వాగు పక్క పొదల్లోకి జరుగుతాయి. సాయంత్రం తీగలకు, ఎండు కొమ్మలకు గుంపుగా వేలాడి నిద్రపోతాయి. ఎండుటాకుల గుత్తి అనుకుని దాటిపోయేవాళ్లే ఎక్కువ. అభయారణ్యంలో ఆకు కూడా తెంపకూడదు, చూసి రావడమే.

గుడ్లు, పురుగులు మాత్రం ఊళ్లోనే సులభంగా దొరుకుతాయి. బీచ్ రోడ్డు వైపు ఇళ్లలో సముద్రపు గాలికి ఎదురుగా ఉన్న మొక్కల కంటే ప్రహరీ చాటున ఉన్న మొక్కలు ముందు చూడండి. జాతీయ రహదారి మధ్యలో గన్నేరు ఎంత గుబురుగా కనిపించినా అటు వెళ్లవద్దు. వాహనాల మధ్య నిలబడి ఆకులు తిప్పే పని ఎవరికీ క్షేమం కాదు.

ఎగిరేదాన్ని గుర్తుపట్టడం

రంగు కంటే ముందు నడక చూడండి. కాకి సీతాకోకకు తొందర ఉండదు. నాలుగుసార్లు రెక్కలు కొట్టి, కాసేపు గాలిలో జారి, మళ్లీ కొడుతుంది. మీరు దగ్గరికి వెళ్లినా ఉలిక్కిపడదు. పక్షికి దీని రుచి చేదు. ఒకసారి నోట పెట్టి ఉమ్మేసిన పిట్ట మళ్లీ దీని జోలికి రాదు. ఆ ధైర్యం ఎగరడంలోనే తెలుస్తుంది.

రెక్కలు చాచినప్పుడు ఎనిమిదిన్నర నుంచి తొమ్మిదిన్నర సెంటీమీటర్లు ఉంటుంది. అంటే మీ మధ్యవేలి కంటే కాస్త పొడవు. దూరానికి నలుపు, దగ్గరికి వేయించిన కాఫీ గింజ రంగు, పైన పట్టులాంటి మెరుపు. రెక్కల అంచు వెంట రెండు వరుసల తెల్ల చుక్కలు. వెనక రెక్క మీద బయటి వరుస చుక్కలు చిన్నవి, లోపలి వరుసవి కొంచెం సాగినట్టు ఉంటాయి. శరీరం నల్లన. తల మీద, రొమ్ము మీద తెల్ల చుక్కలు, వాకిట్లో గీత కలపకముందు పెట్టిన ముగ్గు చుక్కల్లా.

మగదో ఆడదో తెలియాలంటే ముందు రెక్క పైభాగంలో, వెనక అంచుకు దగ్గరగా చూడండి. మగదానికి అక్కడ చిన్న గీతలాంటి మచ్చ ఒకటి ఉంటుంది. దీని దగ్గరి బంధువుల్లో ఒకదాని మగవాటికి ఆ గీతలు రెండు ఉంటాయి. కాబట్టి "గీత ఉంది" అని రాసి సరిపెట్టుకోకండి, ఎన్ని ఉన్నాయో రాయండి.

వాలి ఉన్నప్పుడు కాళ్లు లెక్కపెట్టండి. కీటకానికి ఆరు కాళ్లని బడిలో చదువుకున్నాం. ఇది మాత్రం నాలుగు కాళ్ల మీదే నిలబడుతుంది. ముందు జత కాళ్లు కురచబడి రొమ్ముకు ముడుచుకుని ఉంటాయి. ఈ లెక్క ఇప్పుడే పనికొస్తుంది.

పొరపాటు పడే చోట్లు

కాకి సీతాకోక చేదు రుచి పేరును అడ్డం పెట్టుకుని బతికే తియ్యటి సీతాకోకలు ఉన్నాయి. వేషం ఎంత బాగా కుదిరిందంటే నేను రెండేళ్లపాటు ఒకదాన్ని మరొకటిగా రాసుకున్నాను.

మొదటిది కామన్ మైమ్. ఇది తోకచిలుకల కుటుంబానిది. ఇందులో రెండు వేషాలు ఉన్నాయి, ఒక వేషం అచ్చంగా కాకి సీతాకోకే. చుక్కలు కూడా పెట్టుకుంటుంది. తేడా పట్టడానికి మూడు దారులు. వాలినప్పుడు ఆరు కాళ్లూ కనిపిస్తాయి. వెనక రెక్క అడుగున అంచు వెంట పసుపు మచ్చల వరుస ఉంటుంది, కాకి సీతాకోకకు పసుపు ఎక్కడా ఉండదు. తేనె తాగేటప్పుడు రెక్కలు ఆడిస్తూనే ఉంటుంది. వీటన్నిటికంటే నమ్మకమైన పరీక్ష బెదిరింపు. చేయి ఊపితే మైమ్ వేషం మరిచిపోయి చెట్ల మీదుగా దూసుకుపోతుంది. కాకి సీతాకోక ఇంకో కొమ్మకు మెల్లగా జరుగుతుంది.

రెండోది గ్రేట్ ఎగ్‌ఫ్లై ఆడది. దానికీ నాలుగు కాళ్లే కాబట్టి ఆ లెక్క పనిచేయదు. రెక్క అంచు చూడండి, అలలు అలలుగా తరిగినట్టు ఉంటుంది. రొమ్ము మీద ముగ్గు చుక్కలు అంత స్పష్టంగా ఉండవు.

గుడ్డును పట్టుకోవడం

ఆడది గుడ్డు పెట్టే ముందు మొక్క చుట్టూ తడబడినట్టు తిరుగుతుంది. ఆకు మీద వాలి, ముందు కాళ్లతో తట్టి, లేచి, ఇంకో ఆకు చూస్తుంది. అది మొక్కను రుచి చూడడం. నచ్చిన ఆకు దొరికితే పొత్తికడుపును కిందికి వంచి ఆకు అడుగున ఒక్క గుడ్డు అంటిస్తుంది. ఒక ఆకుకు ఒకటే. అది వెళ్లేదాకా కదలకుండా నిలబడండి. తర్వాత ఆ రెమ్మకు ఊలుదారం వదులుగా కట్టి తేదీ రాసుకోండి. దారం కట్టకపోతే మర్నాడు ఏ ఆకో మీకు గుర్తుండదు, నా మాట నమ్మండి.

గన్నేరు అంటే ఎర్ర, తెల్ల, గులాబీ పూల గన్నేరు. గంటల్లాంటి పసుపు పూల పచ్చగన్నేరు వేరే మొక్క. రెండూ విషమే. గన్నేరు పాలు చేతికి అంటితే వెంటనే సబ్బుతో కడుక్కోండి, ఆ చేతితో కన్ను, నోరు ముట్టుకోవద్దు. పిల్లలతో కలిసి చూస్తుంటే ఆకు తిప్పే పని పెద్దవాళ్లే చేయాలి. పశువులకు ఆ కొమ్మలు అందనివ్వకూడదు. మీ దగ్గర గన్నేరు లేకపోతే మర్రి, రావి, మేడి చెట్ల లేత ఆకుల కింద చూడండి. సుగంధిపాల తీగ మీద, కుండీల్లో పెంచే ఎడారి గులాబీ మీద కూడా గుడ్లు పెడుతుంది.

భూతద్దంలో గుడ్డు చిన్న గోపురంలా నిలువుగా ఉంటుంది. తెల్లగా మెరుస్తుంది, పక్కల నిలువు గీతలు. మూడు నాలుగు రోజుల్లో పొదుగుతుంది. ముందు రోజు గుడ్డు బూడిద రంగుకు తిరిగి, కొన నల్లబడుతుంది. ఆ నలుపు లోపలి పురుగు తల. బయటికి వచ్చిన పిల్ల ముందు తన గుడ్డు పెంకునే తింటుంది.

పురుగును చదవడం

ఇక్కడ ఎక్కువ సమయం గడపండి. రెండు వారాల పాటు రోజూ ఉదయం ఒక పది నిమిషాలు చాలు.

ముందు మొక్క కింద నేల చూడండి. మిరియాలు చితగ్గొట్టి చల్లినట్టు నల్లటి పెంట కనిపిస్తే సరిగ్గా దాని పైనున్న ఆకును మెల్లగా తిప్పండి. పురుగు ఎప్పుడూ ఆకు అడుగునే ఉంటుంది. గొంగళి అంటాం కానీ దీనికి నూగు లేదు, దురద లేదు. నున్నగా, గుండ్రంగా, తెలుపు ముదురు గోధుమ పట్టీలు ఒకదాని తర్వాత ఒకటి చుట్టినట్టు ఉంటుంది. కాళ్లకు కాస్త పైన నారింజ ఎరుపు చార. తల కూడా నలుపు తెలుపు వంపు గీతలతో ఉంటుంది. అన్నిటికంటే ముఖ్యం వీపు మీద మెత్తటి నల్ల కొమ్ములు. వాటిని జతలుగా లెక్కపెట్టండి. కాకి సీతాకోక పురుగుకు నాలుగు జతలు: ముందు వైపు రెండు, వాటి వెనక కొద్ది దూరంలో ఒకటి, తోక దగ్గర ఒకటి. జిల్లేడు మీద ఇలాంటి చారల పురుగు కనిపిస్తే దానికి మూడు జతలే ఉంటాయి, అది ప్లెయిన్ టైగర్ అనే సీతాకోకది. రెండే జతలుంటే బ్లూ టైగర్ అనే ఇంకో సీతాకోకది అయి ఉంటుంది. పుస్తకం లేకుండా, ఫొటో లేకుండా వేళ్ల మీద తేలిపోయే లెక్క ఇది. అందుకే నాకు చాలా ఇష్టం.

గన్నేరు మీదే వేలంత లావున, ఆకుపచ్చగా, మెడ దగ్గర నీలి కళ్లలాంటి మచ్చలతో ఒక పురుగు కనిపిస్తే కంగారు పడకండి. అది రాత్రి తిరిగే ఒక చిమ్మట (మాత్) పిల్ల. దాన్నీ వదిలేయండి.

ఇప్పుడు పురుగు తినడం చూడండి. గన్నేరు ఆకు తెగిన చోట జిగురు పాలు ఊరతాయి. చిన్న పురుగు నోరు అందులో అంటుకుపోతే చచ్చిపోతుంది. అందుకని అది నేరుగా కొరకదు. ముందు ఆకు నడిమి ఈనెను ఒక చోట కొరికి గాటు పెడుతుంది. పాలు అక్కడే కారిపోతాయి. తర్వాత ఆ గాటు చుట్టూ అర్ధచంద్రంలా కోసి, పాలు రాని భాగాన్ని తీరిగ్గా తింటుంది. మా మొక్క దగ్గర స్టూలు వేసుకుని కూర్చుని ఒకరోజు ఇదంతా చూశాను. గాటు దగ్గర తెల్లటి బొట్టు ఉబ్బి, ఆగి, ఎండిపోయేదాకా పురుగు తల పక్కకు పెట్టి ఉంది. తర్వాతే తినడం మొదలుపెట్టింది. వెల్లుల్లి రెబ్బంత లేని ప్రాణికి ఈ ఉపాయం ఎవరూ నేర్పలేదు. మీరూ ఒక్కసారి చూస్తే, ఈనె దగ్గర గాటు పడిన ఆకు మళ్లీ ఎక్కడ కనిపించినా అది ఎవరి పనో చెప్పగలుగుతారు.

పురుగు నాలుగుసార్లు కుబుసం విడుస్తుంది. విడిచే ముందు ఒక రోజు తినకుండా కదలకుండా ఉంటుంది. చనిపోయిందనుకుని తీసి పారేయకండి. ముట్టుకోకండి. పెద్దదయ్యే సరికి నాలుగు సెంటీమీటర్ల దాకా ఉంటుంది.

ఈ రెండు వారాల్లోనే మందు ప్రమాదం ఎక్కువ. గన్నేరు చిగుళ్లకు పసుపు రంగు పేనుబంక పట్టడం మామూలే, దాన్ని చూసి మొక్క పాడైపోతోందని మందు కొడతారు. నీటి గొట్టంతో గట్టిగా కొడితే పేను రాలిపోతుంది, గుడ్డున్న రెమ్మను చేతితో చాటు చేస్తే సరి. పురుగులు ఆకులు తిన్నాయని బాధ వద్దు. ఆరోగ్యంగా ఉన్న గన్నేరు నెల తిరగకుండా మళ్లీ చిగురిస్తుంది.

మా అపార్ట్‌మెంటులో తోటపని చేసే పెద్దాయన ఒకరోజు మందు డబ్బా భుజాన వేసుకుని వచ్చారు. "అమ్మా, చెట్టంతా పురుగు పట్టింది. మందు కొట్టమంటారా?" అని అడిగారు. "ఒక్క నిమిషం బాబాయ్, ఇది చూడండి" అని ఒక ఆకు తిప్పి చూపించాను. ఆయన వంగి చూసి, "ఎవరి లోలాకమ్మా ఇది, ఇక్కడ తగిలించారు?" అన్నారు. డబ్బా కింద పెట్టి, మిగతా ఆకులన్నీ తానే తిప్పి చూశారు. ఆ రోజు ఆయన ఇంకో మూడు కనిపెట్టారు.

వెండి ప్యూపా

లోలాకంటే అదే, ప్యూపా, అంటే పురుగు సీతాకోకగా మారే మధ్య దశ. పెరగడం పూర్తయిన పురుగు ఆకు అడుగున పట్టుదారంతో చిన్న మెత్తలాంటిది అల్లి, తోకను అందులో బిగించి, తలకిందులుగా కొక్కెంలా వంగి వేలాడుతుంది. ఆ స్థితిలో ఒక రాత్రి గడుస్తుంది. తర్వాత చర్మం చిట్లి, కొద్ది నిమిషాల్లో పైకి జరిగి ఊడిపోతుంది. కొత్త ప్యూపా మొదట మెత్తగా, లేత పసుపు రంగులో ఉంటుంది. ఒకటి రెండు రోజుల్లో మెరుపు తేలి, వెండిలా, కొన్నిసార్లు బంగారంలా అద్దపు నునుపుతో నిలుస్తుంది. మీ ముఖం, వెనక ఆకాశం అందులో వంకరగా కనిపిస్తాయి.

ఆ మెరుపులో లోహం లేదు, రంగు కూడా లేదు. పైతోలులో ఎంతో పలచని పొరలు ఒకదాని మీద ఒకటి పేర్చి ఉంటాయి, వాటి మధ్య తేమ. పొరలన్నీ వెలుతురును తిప్పికొట్టడం వల్ల మనకు వెండి కనిపిస్తుంది. ఈ మాట నిజమో కాదో మీరే పరీక్షించవచ్చు. సీతాకోక వెళ్లిపోయాక మిగిలిన పెంకును చేతిలోకి తీసుకోండి. తేమ ఎండిపోయి ఉంటుంది. ఉల్లిపొరలా తెల్లబోయి, మెరుపు అసలు ఉండదు.

ప్యూపా దశ ఎనిమిది నుంచి పది రోజులు. దాన్ని ఉన్న చోటే ఉండనివ్వడం మంచిది. నేను మొదటి ఏడాది వాన భయంతో ఒకదాన్ని ఆకుతో సహా తెచ్చి మూత ఉన్న చిన్న డబ్బాలో పెట్టాను. సీతాకోక బయటికి వచ్చింది కానీ వేలాడడానికి చోటు లేదు. రెక్కలు విచ్చుకోకుండానే మడతల్లో ఎండిపోయాయి. పంచదార నీళ్లు ఇచ్చి రెండు రోజులు చేతి మీద పెట్టుకున్నాను, అది నడుస్తూనే ఉంది, ఎగరలేకపోయింది. ఆ తప్పు మీరు చేయవద్దు. కొమ్మ విరిగి తప్పనిసరిగా లోపలికి తేవలసి వస్తే, ఆకు తొడిమను దారంతో ఎత్తుగా కట్టి వేలాడదీయండి. కింద, పక్కల జానెడు ఖాళీ ఉండాలి. గాలి ఆడాలి.

కొన్ని ప్యూపాలు మెరుపు పోయి మొద్దు గోధుమ రంగుకు తిరిగి, ఒక పక్కన గుండుసూది తలంత రంధ్రంతో కనిపిస్తాయి. లోపల చిన్న కందిరీగలు పెరిగి బయటికి వెళ్లిపోయాయని అర్థం. అదీ రాసుకోండి.

రెక్కలు విచ్చుకునే ఉదయం

వెండి మసకబారి, పెంకులోంచి నల్ల రెక్కలు, వాటి మీద తెల్ల చుక్కలు కనిపిస్తే మర్నాటి ఉదయానికి సిద్ధంగా ఉండండి. తెల్లవారగానే కుర్చీ వేసుకోండి. పెంకు చిట్లడం, సీతాకోక జారి బయటికి వచ్చి ఆ పెంకునే పట్టుకుని వేలాడడం ఒకటి రెండు నిమిషాల్లో జరిగిపోతాయి. కాఫీకి లేచి వెళ్తే చూడలేరు. రెక్కలు అప్పుడు ముడుచుకున్న తడి గుడ్డపీలికల్లా ఉంటాయి. పొట్ట లావుగా ఉంటుంది. పొట్టలోని ద్రవాన్ని రెక్కల నాళాల్లోకి తోస్తూ పావుగంటలో వాటిని నిండుగా చాపుతుంది. కింద ఎర్రటి గోధుమ చుక్కలు పడితే భయపడకండి, అది రక్తం కాదు, ప్యూపాలో పోగుపడిన వ్యర్థం. రెక్కలు గట్టిపడి ఎగరడానికి ఇంకో రెండు మూడు గంటలు పడుతుంది. అంతసేపూ తాకవద్దు, ఊదవద్దు, ఎండలోకి జరపవద్దు.

పొరపాటున పెద్ద సీతాకోక చేతికి చిక్కితే అది కాళ్లు ముడిచి చచ్చినట్టు పడి ఉంటుంది, ఘాటైన వాసన వదులుతుంది. ఆకు మీద పెట్టి రెండడుగులు వెనక్కి వేయండి. లేచి వెళ్లిపోతుంది.

మగవాటిని పిలవడం

మగ కాకి సీతాకోకకు ఆడదాన్ని ఆకర్షించే పరిమళం తయారు చేసుకోవడానికి, ఒంట్లో చేదు నింపుకోవడానికి కొన్ని మొక్కల్లోని ఆల్కలాయిడ్లు అనే రసాయనాలు కావాలి. జనుము, నాగదంతి మొక్కల్లో అవి ఉంటాయి. ఖాళీ స్థలాల్లో, మురుగు కాలువ పక్కన తేలు తోకలా మెలితిరిగిన చిన్న పూల వరుసతో పెరిగేదే నాగదంతి. కలుపు మొక్కని అందరూ పీకి పారేస్తారు. ఒక మొక్కను వేళ్లతో తెచ్చి, తలకిందులుగా కట్టి, గన్నేరుకు దగ్గరలో నీడపట్టున వేలాడదీయండి. అదీ విషపు మొక్కే, పశువులకు, పిల్లలకు అందనంత ఎత్తులో కట్టండి. వాడిపోయిన కొద్దీ దాని వాసన దూరం పోతుంది. మగవి వచ్చి ఎండిన ఆకుల మీద వాలి, నాలుక చాచి, గంటల తరబడి గీరుతూ కూర్చుంటాయి. అప్పుడు మీరు పక్కన నిలబడినా లేవవు కాబట్టి రెక్క మీది గీత చూడడానికి, కాళ్లు లెక్కపెట్టడానికి అంతకంటే మంచి సమయం దొరకదు. ఎన్ని వచ్చాయో, వాటితోపాటు వచ్చిన బ్లూ టైగర్లు ఎన్నో తేదీ వేసి పుస్తకంలో రాసుకోండి.